ప్రొలాక్టిన్ పెరిగిందన్న రిపోర్టు వస్తే



ఈ రోజు మన పాఠ్యాంశం ప్రొలాక్టిన్ అనే హార్మోను. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివినవారికి ఈ పేరు కొత్త కాదు. పీయూష గ్రంథి స్రవించే హార్మోనుల పట్టికలో దీనికి ఒక వరుస ఉంటుంది. ఎదురుగా 'క్షీరోత్పత్తి' అని ఒక్క మాట ఉంటుంది. పరీక్షలో మార్కులకు ఆ ఒక్క మాట చాలు. రక్తపరీక్ష రిపోర్టు చేతికి వచ్చినప్పుడు మాత్రం చాలదు. అందుకని ఈ రోజు పట్టికను పక్కనబెట్టి, రిపోర్టు నుంచే పాఠం మొదలుపెడదాం.

ఒక డిగ్రీ విద్యార్థిని ఉందనుకోండి. పేరు సుజాత అనుకుందాం. వయసు 20. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మూడు నెలలుగా నెలసరి రాలేదు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తల్లి ఆ సంగతి తెలుసుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్లింది. ఆవిడ హిమోగ్లోబిన్, షుగరు, వాటితోపాటు ప్రొలాక్టిన్ పరీక్ష రాసింది. సాయంత్రం లాబ్‌వాళ్లు ఇచ్చిన కాగితం మీద అన్నీ మామూలు అక్షరాల్లో ఉన్నాయి. ఒక్క వరుస మాత్రం దిట్టంగా, నల్లగా అచ్చయింది. ప్రొలాక్టిన్ 48. ఉండవలసినది 25 లోపు. డాక్టరమ్మ మళ్లీ దొరికేది సోమవారం. ఈలోగా తెలిసినవాళ్లెవరో "ఇది తలలో గడ్డ ఉంటే పెరుగుతుందట, ముందు బ్రెయిన్ స్కాన్ తీయించండి" అన్నారు. ఆ రెండు రాత్రులూ ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు.

సుజాతకు ఆ స్కాన్ అవసరమా? అవసరమైతే ఇప్పుడేనా, లేక ముందు చూడవలసినవి వేరే ఉన్నాయా? ఇదీ మన ప్రశ్న. పాఠం చివరలో ఇంకొకరిని కూడా చూద్దాం. ఆయన రిపోర్టులోని సంఖ్య కూడా ఇంచుమించు ఇంతే. కానీ ఆయన విషయంలో స్కాన్ వాయిదా వేయడం ప్రమాదం. దాదాపు ఒకే సంఖ్యకు రెండు రకాల నిర్ణయాలు ఎందుకు వస్తాయో తెలియాలంటే ముందు ఈ హార్మోను స్వభావం తెలియాలి.

ముక్కు వెనుక, పుర్రె అడుగుభాగంలో ఎముకలో ఒక చిన్న గుంట ఉంటుంది. చూడటానికి గుర్రపు జీనులా ఉంటుంది కనుక పూర్వపు శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు దానికి 'సెల్లా టర్సికా', అంటే టర్కీ జీను, అని పేరు పెట్టారు. ఆ జీనులో కూర్చుని ఉంటుంది పీయూష గ్రంథి. బఠాణీ గింజంత ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. సన్నని కాడ ఒకటి దీన్ని పైనున్న మెదడులోని హైపోథాలమస్‌తో కలుపుతుంది. సరిగ్గా దీనిపైనే రెండు కళ్ల నాడులూ వచ్చి కలుసుకునే కూడలి ఉంటుంది. ఈ కాడనూ ఈ కూడలినీ గుర్తుపెట్టుకోండి. రెండింటితోనూ మనకు పని పడుతుంది.

1928లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు పరిశోధకులు పీయూష గ్రంథి సారాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే పాలు స్రవించడం గమనించారు. దీనికి ప్రొలాక్టిన్ అనే పేరు పెట్టినవాడు అమెరికాకు చెందిన ఆస్కార్ రిడిల్. ఆయన బృందం 1933లో పని చేసింది ఆవుల మీదా మేకల మీదా కాదు, పావురాల మీద! పావురాల మెడ దగ్గరి సంచి లోపలి పొర నుంచి పాలవంటి పదార్థం తయారవుతుంది. దాన్ని తల్లి పావురమూ, తండ్రి పావురమూ కూడా పిల్లల నోట్లో కక్కి పెంచుతాయి. ఆ సంచిని పెంచేది ఈ హార్మోనే. మనిషిలో మాత్రం ఇది విడిగా ఉందా లేదా అన్న అనుమానం చాలాకాలం తీరలేదు. మనిషి పెరుగుదల హార్మోనుకే పాలు పుట్టించే గుణం కొంత ఉండటం వల్ల, ఆ రెండూ ఒకటేనేమోనని చాలామంది అనుకున్నారు. కెనడాలో హెన్రీ ఫ్రీజన్ బృందం 1971లో మనిషి రక్తంలోని ప్రొలాక్టిన్‌ను విడిగా కొలిచే పద్ధతిని ప్రకటించాక ఆ సందేహం తీరింది. అంటే సుజాత చేతిలోని కాగితం వెనుక ఉన్న పరీక్ష వయసు పెద్దదేమీ కాదు.

ఈ హార్మోను స్త్రీలలోనే ఉంటుందనుకునేరు. పురుషులలోనూ ఉంటుంది. పిల్లలలోనూ ఉంటుంది.

ఇప్పుడు అసలు కీలకం చెబుతాను. పీయూష గ్రంథి నుంచి వచ్చే చాలా హార్మోనులకు హైపోథాలమస్ ఆక్సిలరేటర్ లాంటిది. అది తొక్కితేనే స్రావం వస్తుంది. ప్రొలాక్టిన్ సంగతి దీనికి తలకిందులు. దాన్ని తయారుచేసే కణాలు వదిలేస్తే వాటంతటవే పరుగెత్తుతాయి. హైపోథాలమస్ డోపమైన్ అనే రసాయనాన్ని కాడ గుండా దింపుతూ వాటి మీద రాత్రింబవళ్లు బ్రేకు వేసి ఉంచుతుంది. ఘాట్ రోడ్డు మీద కిందికి దిగే బండిని ఊహించుకోండి. ఇంజను ఆపినా అది కదులుతూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది బ్రేకే.

ఈ ఒక్క విషయం అర్థమైతే ప్రొలాక్టిన్ పెరగడానికి గల కారణాలను బట్టీపట్టవలసిన పని లేదు. బ్రేకు పనిచేయకుండా ఏదైనా మందు అడ్డుపడిందా? బ్రేకు తీగ, అంటే ఆ కాడ, నలిగిందా? కణాలే బ్రేకును లెక్కచేయకుండా గడ్డగా పెరిగాయా? బ్రేకు సరిగ్గానే ఉన్నా వెనుక నుంచి ఎవరైనా తోస్తున్నారా? లేక తయారయ్యేది మామూలుగానే ఉన్నా, బయటికి పోవలసిన దారి మూసుకుందా? ఆలోచించి చూడండి, కారణాల్లో చాలా భాగం ఈ ప్రశ్నల్లోనే ఇమిడిపోతాయి.

మరి ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి ఎందుకు ఆగాలి? చంటిబిడ్డకు పాలిస్తున్నంతకాలం నెలసరి ఆలస్యమవుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అంటుంటారు. అది అందరికీ ఒకేలా జరగదు, గర్భం రాదనడానికి పూచీ కూడా కాదు. కానీ అందులో సత్యం ఉంది. ప్రొలాక్టిన్ ఎక్కువగా ఉన్నప్పుడు హైపోథాలమస్ నుంచి సంతానోత్పత్తి వ్యవస్థకు వెళ్లే సంకేతం బలహీనపడుతుంది. దానితో పీయూష గ్రంథి నుంచి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. తగ్గుతాయి. స్త్రీలలో ఈస్ట్రోజన్, పురుషులలో టెస్టోస్టిరోన్ తగ్గుతాయి. నెలసరి తప్పడం, పాలిచ్చే దశలో లేకున్నా చనుమొనల నుంచి పాలు రావడం, సంతానం కలగకపోవడం స్త్రీలలో కనిపించే లక్షణాలు. పురుషులలో లైంగికాసక్తి తగ్గుతుంది, అంగస్తంభన లోపిస్తుంది, వీర్యకణాలు తగ్గవచ్చు. ఏళ్ల తరబడి ఇలాగే ఉంటే ఎముకలు పలచబడతాయి. పురుషులు ఈ లక్షణాలను సిగ్గుపడి చెప్పరు. అందువల్ల వారిలో గడ్డలు బయటపడేసరికి తరచు పెద్దవై ఉంటాయి. ఇవి శరీరధర్మ శాస్త్రంలోని విషయాలే కనుక మీరు సంకోచం లేకుండా చదవాలి, అవసరమైతే సంకోచం లేకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక సంఖ్య దగ్గరికి వద్దాం. 25 అనే గీత ఎక్కడి నుంచి వచ్చింది? ఆరోగ్యవంతులైన కొందరి రక్తం పరీక్షించి, వచ్చిన విలువలను వరుసగా పేర్చి, మధ్యనున్న 95 శాతాన్ని 'మామూలు' అంటారు. ఆ పైన ఒక రెండున్నర శాతం, కింద ఒక రెండున్నర శాతం మిగిలిపోతాయి. అంటే నిర్వచనం ప్రకారమే 1000 మంది ఆరోగ్యవంతుల్లో 25 మంది పైగీత దాటి ఉంటారు. వారికి జబ్బు లేదు. గీత గీసిన పద్ధతి అటువంటిది. ఈ గీత లాబ్‌ను బట్టీ, యంత్రాన్ని బట్టీ కొంచెం మారుతుంది. పురుషులకు మరికాస్త కిందికి, 15 నుంచి 20 దగ్గర ఉంటుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. కొన్ని లాబ్‌లు ప్రొలాక్టిన్‌ను మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములని రాస్తాయి. మరికొన్ని లీటరుకు ఇన్ని మిల్లీ అంతర్జాతీయ యూనిట్లని రాస్తాయి. ఒక నానోగ్రాము సుమారు 21 యూనిట్లకు సమానం. ఒక ఊళ్లో 24 వచ్చిన మనిషికి మరో ఊళ్లో 510 రావచ్చు. రెండూ ఒకటే! ఇరవై రెట్లు పెరిగిందని గుండెలు బాదుకోవలసిన పని లేదు. సంఖ్య పక్కనున్న ప్రమాణాన్ని చదివిన తరువాతే సంఖ్యను చదవాలి. భౌతికశాస్త్రం మాస్టారు ప్రమాణం రాయకపోతే మార్కు తగ్గించేది ఇందుకే.

పైగా ఈ హార్మోను రోజంతా ఒకేలా ఉండదు. నిద్రలో పెరుగుతుంది, మేలుకున్నాక తగ్గుతుంది. వ్యాయామం చేసినా, భోజనం చేసినా, భయపడినా పెరుగుతుంది. సూదిని చూసి హడలిపోయేవారిలో ఆ హడలుకే కొంత పెరుగుతుంది. కాబట్టి కొద్దిగా ఎక్కువ వచ్చినప్పుడు మొదట చేయవలసినది మరోసారి చూడటం. నిద్ర లేచిన తరువాత రెండు మూడు గంటలు ఆగి, పరుగుపరుగున వచ్చిన వెంటనే కాకుండా కాసేపు నిమ్మళంగా కూర్చున్నాక రక్తం ఇవ్వాలి. ఒత్తిడి వల్ల వచ్చిన పెరుగుదల సాధారణంగా కొద్దిపాటిదే. వందలు దాటిన సంఖ్యను సూది భయం మీదికి నెట్టకూడదు.

రెండోసారి కూడా ఎక్కువే వచ్చిందనుకోండి. అప్పుడు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న గర్భం గురించి. సంతానోత్పత్తి వయసులో నెలసరి తప్పిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష చేస్తారు. ఇది ఎవరి నడవడిక మీదా అనుమానం కాదు, వైద్యంలో ఒక క్రమం. గర్భం చివరి నెలల్లో ప్రొలాక్టిన్ 200 దాకా చేరడం ప్రకృతి సిద్ధం.

రెండో ప్రశ్న మందుల గురించి. దీని దగ్గర మనం కాస్త ఎక్కువసేపు నిలబడదాం. ఎందుకంటే మన దేశంలో ఈ ప్రశ్నకు సరైన జవాబు చాలాసార్లు రాదు. "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని అడిగితే "ఏమీ లేవండీ" అంటారు. గ్యాస్ మాత్ర వారి దృష్టిలో మందు కాదు! మందుల షాపులో అడిగి తెచ్చుకుని, రోజూ పరగడుపున ఒకటి వేసుకునే ఆ మాత్రల్లో అనేకం రెండు మందుల మిశ్రమాలు. ఒకటి కడుపులో ఆమ్లాన్ని తగ్గించేది. అది రాబిప్రజోల్ కావచ్చు, పాంటోప్రజోల్ కావచ్చు. రెండోది డాంపెరిడోన్ గాని, లెవోసల్పిరైడ్ గాని. ఈ రెండోవి ఏం చేస్తాయి? డోపమైన్ వెళ్లి కూర్చోవలసిన చోట ముందుగా తాము కూర్చుంటాయి. బ్రేకు తొక్కినా పట్టదు. ప్రొలాక్టిన్ పెరుగుతుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా ఈ కోవలోదే. మానసిక వ్యాధులకు వాడే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ వంటివీ అంతే. సాధారణంగా మందుల వల్ల 25కూ 100కూ మధ్య పెరుగుతుంది. కానీ రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటివి 200 కూడా దాటించగలవు. కాబట్టి సంఖ్యను మాత్రమే చూసి ఇది మందు, ఇది గడ్డ అని తేల్చలేం.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే ప్రతి మాత్ర అట్టనూ సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. పేరు గుర్తుంటే సరిపోదు. వెండిరేకు వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న రెండో పేరే ఇక్కడ ముఖ్యం.

మందు మీద అనుమానం వస్తే, డాక్టరు సలహాతో దాన్ని కనీసం మూడు రోజులు ఆపి మళ్లీ పరీక్ష చేస్తారు. ఇక్కడ ఒక హెచ్చరిక. మానసిక వ్యాధికి వాడే మందును మీ అంతట మీరు ఒక్క రోజు కూడా ఆపకూడదు. ప్రొలాక్టిన్ 60 ఉండటం కంటే ఆ మందు ఆగిపోవడం చాలా పెద్ద ప్రమాదం. ఆపాలా, మార్చాలా అన్నది ఆ మందు రాసిన వైద్యుడే నిర్ణయించాలి. అరిపిప్రజోల్ వంటి ప్రొలాక్టిన్‌ను పెంచని మందులు ఉన్నాయి. మార్చడం వీలుకాకపోతే, లక్షణాలు ఆ మందు మొదలుపెట్టాక వచ్చాయా, ముందే ఉన్నాయా అన్నది చూస్తారు. తేలకపోతే అప్పుడు స్కాన్.

మూడోది థైరాయిడ్. మన పుస్తకాల్లో అవటు గ్రంథి అంటారు. అది మందగిస్తే హైపోథాలమస్ దాన్ని లేపడానికి టి.ఆర్.హెచ్. అనే హార్మోనును ఎక్కువగా పంపుతుంది. ఆ టి.ఆర్.హెచ్. ప్రొలాక్టిన్ కణాలను కూడా తోస్తుంది. బండిని వెనుక నుంచి తోసేవాళ్లని ఇందాక అనుకున్నాం కదా, వారిలో ఒకరు వీరు. ఇంతటితో అయిపోలేదు. థైరాయిడ్ లోపం చాలాకాలం ఉంటే పీయూష గ్రంథి ఉబ్బుతుంది. ఆ దశలో ముందుగా స్కాన్ తీస్తే అది అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. అది గడ్డ కాదు. థైరాక్సిన్ మాత్రలు కొన్ని నెలలు వేసుకుంటే ఆ ఉబ్బు తగ్గిపోతుంది. చూశారా? పరీక్షలు చేయడంతోపాటు ఏది ముందు, ఏది వెనుక అన్నది కూడా ముఖ్యం. కొన్ని వందల రూపాయల్లో అయ్యే టి.ఎస్.హెచ్. పరీక్షను వదిలేసి వేల రూపాయల స్కాన్‌తో మొదలుపెడితే, డబ్బు పోవడమే కాక లేని గడ్డ ఒకటి మనిషి నెత్తిన పడుతుంది.

నాలుగోది మూత్రపిండాలు. రక్తంలోని ప్రొలాక్టిన్‌ను బయటికి పంపడంలో వాటి పాత్ర ఉంది. అవి దెబ్బతింటే అది పేరుకుంటుంది. క్రియాటినిన్ పరీక్షతో తెలుస్తుంది.

ఐదోది మీలో చాలామంది విని ఉండరు. కొందరి రక్తంలో ప్రొలాక్టిన్ అణువు ఒక ప్రతిదేహానికి అతుక్కుని పెద్ద ముద్దగా తిరుగుతూ ఉంటుంది. దీన్ని మాక్రోప్రొలాక్టిన్ అంటారు. ముద్ద పెద్దది కనుక త్వరగా బయటికి పోదు, రక్తంలో నిలవ ఉంటుంది. అదే కారణంగా కణాల దగ్గరికి చేరి పనిచేయడమూ కష్టమే. యంత్రం మాత్రం దాన్నీ లెక్కపెడుతుంది. ఫలితంగా మనిషికి ఏ బాధా ఉండదు, రిపోర్టులో మాత్రం ఎక్కువ ఉంటుంది. ప్రొలాక్టిన్ ఎక్కువని తేలిన నమూనాల్లో పది శాతానికి తక్కువ కాకుండా ఇలాంటివే ఉంటాయి. దీన్ని కనిపెట్టే ఉపాయం మీ రసాయనశాస్త్రం లాబ్‌లో చేసేలాంటిదే. సీరమ్‌లో పాలీఇథిలిన్ గ్లైకాల్ కలిపి గిరగిర తిప్పితే పెద్ద ముద్దలు అడుగుకు చేరతాయి. పైన తేలిన ద్రవంలో ప్రొలాక్టిన్ ఎంత మిగిలిందో మళ్లీ కొలుస్తారు. నలభై శాతం కంటే తక్కువ మిగిలితే, పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఈ ముద్దలే అన్నమాట. మిగిలిన అసలు ప్రొలాక్టిన్ గీత లోపల ఉంటే వెతుకులాట సాధారణంగా అక్కడితో ఆపవచ్చు. లక్షణాలేవీ లేనివారికి ఎక్కువ సంఖ్య వచ్చినప్పుడు ఈ పరీక్ష చేయిస్తారా అని డాక్టరును తప్పక అడగండి. అన్ని లాబ్‌లూ దీన్ని తమంతట తాము చేయవు.

ఇవన్నీ చూడకుండా నేరుగా స్కాన్ తీస్తే నష్టమేమిటి, ఎక్స్‌రే కిరణాలు కూడా లేవు కదా అని మీరు అడగవచ్చు. నిజమే, ఎం.ఆర్.ఐ.లో రేడియేషన్ ఉండదు. ఇబ్బంది వేరే ఉంది. ఏ జబ్బూ లేని మనుషుల పీయూష గ్రంథిని పరీక్షించినా, సుమారు పదిమందిలో ఒకరికి ఒక చిన్న మచ్చో, బుడిపో కనిపిస్తుంది. చాలావాటివల్ల జీవితాంతం ఏ హానీ ఉండదు. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ఒక పట్టణంలో లక్షమంది ఆరోగ్యవంతులున్నారు. వారిలో 2500 మందికి ప్రొలాక్టిన్ పైగీత దాటి ఉంటుంది. వారందరికీ స్కాన్ తీస్తే 250 మందికి మచ్చ కనిపిస్తుంది. రక్తంలో ఎక్కువ, తలలో మచ్చ! రెండూ కలిశాయి కనుక రోగం నిర్ధారణ అయిందని ఎవరైనా అంటారు. కానీ మనం మొదలుపెట్టిందే ఆరోగ్యవంతులతో. ఆ 250 మందీ ఏళ్ల తరబడి మాత్రలు మింగుతారు, ఏటేటా స్కాన్లు తీయించుకుంటారు, పెళ్లి సంబంధాల దగ్గర దాచుకుంటారు. రెండు సంఘటనలు యాదృచ్ఛికంగా కలవడం వేరు, ఒకటి మరొకదానికి కారణం కావడం వేరని గణితంలో చదువుకుంటారు కదా. ఇది దానికి ఉదాహరణ.

సుజాత దగ్గరికి వద్దాం. హాస్టల్ భోజనం పడక నాలుగు నెలలుగా ఒక గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటోందని, అందులో లెవోసల్పిరైడ్ ఉందని సోమవారంనాడు తేలిందనుకోండి. డాక్టరమ్మ దాన్ని ఆపించి, గర్భ పరీక్ష, టి.ఎస్.హెచ్., క్రియాటినిన్ చూసి, కొద్ది రోజుల తరువాత ప్రొలాక్టిన్ మళ్లీ చేయిస్తుంది. 16 వచ్చి, నెలసరి మొదలైతే స్కాన్ ఊసే అక్కరలేదు. అలా కాకుండా మందు ఆపినా 52 వచ్చింది, థైరాయిడ్, మూత్రపిండాలు బాగున్నాయి, ముద్దల పరీక్షలో కూడా అసలు ప్రొలాక్టిన్ ఎక్కువేనని తేలింది, నెలసరి లేదు. అప్పుడు స్కాన్ తీయించడమే సరైన నిర్ణయం. ఈ రెండో స్కాన్‌కూ, తెలిసినవాళ్లు మొదటి రోజు తీయించమన్న స్కాన్‌కూ యంత్రం ఒకటే, విలువ ఒకటి కాదు. ఇప్పుడు మచ్చ కనిపిస్తే దానికో అర్థం ఉంది. కనిపించకపోయినా అర్థం ఉంది. ఇలాంటప్పుడు కనిపించే గడ్డ ఎక్కువగా పది మిల్లీమీటర్ల లోపు ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. చాలావరకు పెరగదు కూడా.

సంఖ్య మరీ ఎక్కువైతే ఈ వరుసంతా కుదించుకుంటుంది. గర్భం, మందులు, మూత్రపిండాల జబ్బు లేవని తెలిసి 250 దాటితే గడ్డ ఉండే అవకాశమే ఎక్కువ. 500 దాటితే పెద్ద గడ్డే అని దాదాపు చెప్పవచ్చు.

ఇక రెండో వ్యక్తి. వయసు 42, లారీ డ్రైవరు. ఏడాదిగా తలనొప్పి. అద్దాలు రెండుసార్లు మార్చాడు. ఎదురుగా వచ్చే బండి బాగానే కనిపిస్తుంది, పక్క నుంచి దూసుకొచ్చే స్కూటరే కనిపించడం లేదు. రెండు వైపులా గుర్రానికి గంతలు కట్టినట్టు ఉందంటాడు. ప్రొలాక్టిన్ 60.

సుజాతకు 48, ఈయనకు 60. సంఖ్యల మధ్య తేడా పెద్దగా లేదు. కానీ ఇందాక గుర్తుపెట్టుకోమన్న కూడలిని తలచుకోండి. కంటినాడుల కూడలిలో, కణతల వైపు దృశ్యాన్ని మోసే నాడీతంతువులు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. కింది నుంచి గ్రంథి ఉబ్బి నొక్కితే మొదట పోయేది ఆ పక్కచూపే. ఈయనకు గ్యాస్ మాత్రలు ఆపి వారం చూద్దాం అనకూడదు. తలనొప్పితోపాటు పక్కచూపు తగ్గినప్పుడు ప్రొలాక్టిన్ ఎంతైనా సరే, అసలు మామూలుగానే ఉన్నా సరే, వెంటనే స్కాన్ తీయాలి. మిగతా రక్తపరీక్షలు దానితోపాటే నడుస్తాయి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఒక్కసారిగా వస్తే అది గడ్డలో రక్తస్రావం కావచ్చు. అప్పుడు అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

స్కాన్‌లో మూడు సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఇక్కడ మరో ప్రశ్న పుడుతుంది. ప్రొలాక్టిన్ తయారుచేసే గడ్డ ఇంత పెద్దదైతే రక్తంలో వేలల్లో ఉండాలి. 60 ఏమిటి?

రెండు జవాబులున్నాయి. పరీక్షనాళికలో రెండు రకాల ప్రతిదేహాలు ఉంటాయి. ఒకటి గోడకు అంటుకుని హార్మోనును పట్టుకుంటుంది. వెలుగునిచ్చే రెండోది వచ్చి అదే హార్మోనును రెండో వైపు నుంచి పట్టుకుంటుంది. ఇద్దరి మధ్యా చిక్కిన హార్మోను ఎంత ఉంటే అంత వెలుగు. హార్మోను విపరీతంగా ఉంటే ఏమవుతుంది? గోడకున్నవాటికి విడిగా ఒక హార్మోను, వెలుగునిచ్చేవాటికి విడిగా మరో హార్మోను దొరికిపోతాయి. రెండూ కలిసి ఒకే హార్మోనును పట్టుకోవడం అరుదవుతుంది. వెలుగు తగ్గుతుంది. యంత్రం 60 అని అచ్చువేస్తుంది. దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు. ఈనాటి యంత్రాల్లో ఈ చిక్కు బాగా తగ్గింది గాని పూర్తిగా పోలేదు. విరుగుడు చాలా సులువు. రక్తపు సీరమ్‌ను వంద రెట్లు పలచన చేసి మళ్లీ కొలవమనాలి. నిజమైన విలువ 8000 అయితే అప్పుడు బయటపడుతుంది.

పలచన చేసినా 60 దగ్గరే నిలిస్తే రెండో జవాబు. ఇది ప్రొలాక్టిన్ గడ్డ కాదు. వేరే రకం గడ్డ పెరిగి కాడను నలిపింది. బ్రేకు తీగ తెగడంతో మామూలు కణాలే కాస్త ఎక్కువగా స్రవిస్తున్నాయి.

ఈ తేడా మీద ఆయన చికిత్స ఆధారపడి ఉంది. రెండో రకమైతే సాధారణంగా ముక్కు గుండా వెళ్లి శస్త్రచికిత్స చేయాలి. ఇక్కడ పొరపాటున మాత్రలు ఇస్తే ప్రొలాక్టిన్ సంఖ్య చక్కగా తగ్గి అందరూ సంతోషిస్తారు, లోపల గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, చూపు పోతూనే ఉంటుంది. మొదటి రకమైతే, అంత పెద్ద గడ్డ అయినా, మొదటి చికిత్స కత్తి కాదు, మాత్ర. డోపమైన్‌లా నటించే కాబెర్గోలిన్ ఇస్తారు. వారానికి ఒకటి రెండుసార్లు, చిన్న మోతాదుతో మొదలుపెట్టి, రాత్రి భోజనం తరువాత. మొదట్లో వికారం, లేచి నిలబడితే కళ్లు తిరగడం ఉండవచ్చు. దీనికి పూర్వం వాడిన, ఇప్పటికీ కొన్ని సందర్భాల్లో వాడే బ్రోమోక్రిప్టిన్ దీని చుట్టమే. ఈ రెండింటి మూలాలూ రై ధాన్యపు కంకులకు పట్టే ఎర్గాట్ బూజులో ఉన్నాయి. మన సజ్జకు, జొన్నకు పట్టే తేనెబంక తెగులు కూడా ఆ బూజు కుటుంబానిదే. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు ఆ నల్లటి గింజలను చూసే ఉంటారు.

మాత్ర పనిచేస్తే గడ్డ కుంచించుకుపోతుంది. పక్కచూపు కొందరిలో రోజుల్లోనే, మరికొందరిలో వారాల్లో మెరుగుపడుతుంది. మాత్రలు కనీసం రెండేళ్లు వాడి, ప్రొలాక్టిన్ మామూలుగా ఉండి, స్కాన్‌లో గడ్డ కనిపించనప్పుడు మాత్రమే నెమ్మదిగా తగ్గించే ఆలోచన చేస్తారు. ఈలోగా కంటి డాక్టరు చూపు పరిధిని కొలిచే పరీక్షను మళ్లీ మళ్లీ చేస్తూ ఉంటాడు. ఆ పరీక్షలో రెండు పక్కలా చూపు సరిగ్గా ఉందని తేలేవరకు ఆ డ్రైవరు స్టీరింగు ముందు కూర్చోకూడదు.